నమ్మకం, ధీమా, ఆత్మవిశ్వాసం: సంఘం మహిళలకు తేడా ఎట్ల చెప్పాలి?

ప్రశ్న: దేవరకొండ శిక్షకురాలు

అందరికీ నమస్తే. దేవరకొండ చుట్టుపక్కల మండల సమాఖ్యల్లో మహిళా పొదుపు సంఘం సభ్యులకు శిక్షణ ఇస్తుంటాను. ఈసారి కార్యక్రమంలో "నమ్మకం, ఆత్మవిశ్వాసం" అని ఒక పూట పెట్టారు. మూడు గంటల సమయం, ముప్పై మంది. అందులో సగం మందికి సంతకం పెట్టడం వరకే వచ్చు.

మాకిచ్చిన మెటీరియల్‌లో "మన మీద మనకు నమ్మకం ఉండాలి, ఒకరినొకరు నమ్మాలి" అని నాలుగు పేజీలు రాసి ఉంది. అది చదివి వినిపిస్తే తలలు ఊపుతారు, చాయ్ తాగి ఇంటికి పోతారు. ఊళ్లలో కనబడే చిక్కు వేరే. లీడర్ చూపించిన చోటల్లా సంతకం పెట్టే మనిషే బ్యాంకులో మేనేజర్ ముందు నోరు విప్పదు. సంతకం దగ్గర "మా అక్కనే కదా, నమ్మకం" అంటుంది. బ్యాంకు దగ్గర "నాకేం తెల్వదు, నాతోని కాదు" అంటుంది. ఈమెకు నమ్మకం ఎక్కువైందా, తక్కువైందా? నేను చెప్పాల్సింది "నమ్ము" అనా, "నమ్మకు" అనా?

ఈ మాటల మధ్య తేడా వాళ్లకు తెలిసేటట్టు ఎట్ల చెప్పాలి, చదువు రాని వాళ్లతో ఏం చేయించాలి, సంతకాల సంగతి ఎంతవరకు చెప్పాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఉపన్యాసం వద్దు, చేయించే పని కావాలి.

జవాబు: పాలమూరు తెలుగు పంతులు

మేడం, "ఎక్కువా, తక్కువా" అని కొలిస్తే ఇది ఎటూ తేలదు. నమ్మకం ఒట్టిగా ఉండదు. ఎవరి మీద, ఏ పనికి, ఎంత వరకు అనే మూడూ కలిస్తేనే దానికి అర్థం. రెండు రోజులు పిల్లను చూసుకొమ్మని అప్పజెప్పేంత నమ్మకం పక్కింటి వదిన మీద ఉండొచ్చు. అదే వదినకు యాభై వేలు చేబదులు ఇవ్వడానికి మనసు ఒప్పకపోవచ్చు. రెండూ నిజమే, ఒకదానితో ఒకటికి తగువు లేదు. "మా అక్కనే కదా" అన్న మాటలో ఎవరి మీద అన్నది ఉంది, మిగతా రెండూ లేవు. శిక్షణలో ఎవరు "నమ్మకం" అన్నా "ఏ పనికి? ఎంత వరకు?" అని అక్కడికక్కడే అడగండి. పూట గడిచేసరికి వాళ్లే ఒకరినొకరు అడగడం మొదలుపెడతారు.

ఇక మాటల తేడా. నష్టం రావచ్చని తెలిసి, ఆలోచించి, ఒకరి చేతిలో పెడితే అది నమ్మకం. నష్టం సంగతే మనసులోకి రాకుండా ఉంటే అది ధీమా. పొద్దున ఏడు గంటల బస్సు వస్తుందని బస్టాండులో నిలబడ్డ మనిషిది ధీమా. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమాన్ 1988లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ రెండింటినీ ఇట్లాగే విడదీశాడు. వేరే దారి ఉందని తెలిసి, దెబ్బ తగలొచ్చని తెలిసి ఎంచుకున్నది నమ్మకం. వేరే దారి ఉందన్న ఊహే లేకుండా సాగిపోయేది ధీమా. దెబ్బ తగిలినప్పుడు తేడా బయటపడుతుంది. ధీమా పోయిన మనిషి బయటివాళ్లనే తిడుతుంది. నమ్మకం పోయిన మనిషి "నేనెట్ల నమ్మితిని" అని తనను తానూ అనుకుంటుంది, ఎందుకంటే ఎంచుకున్నది తనే.

మీరు చెప్పిన సంతకం ధీమా సంతకం. ఆమె అక్కను నమ్మి పెట్టలేదు. నమ్మాలా వద్దా అన్న ఆలోచన వరకే పోలేదు. కాబట్టి ఆమెకు "నమ్మకు" అని చెప్పే అవసరం లేదు. అక్క మంచిదే కావచ్చు. ఆ ధీమాను నమ్మకంగా మార్చాలి. అంటే కాయితంలో ఏముందో అడిగి, తెలుసుకొని, ఆ తర్వాత సంతకం పెట్టాలి.

భరోసా ఎదుటివాళ్లు ఇచ్చేది. "నేనున్న, నువ్వు పో" అంటే భరోసా. తనకు తాను ఇచ్చుకునేది కాదు. భయం ఉండగానే అడుగు వేస్తే ధైర్యం. "ఈ పని నా చేతనైతది" అన్న అంచనా ఆత్మవిశ్వాసం. "నేను ఎవరికీ తక్కువదాన్ని కాదు" అన్నది ఆత్మగౌరవం, అది ఏ పనీ రాకపోయినా ఉండాల్సిందే. శిక్షణల్లో తరచుగా జరిగే పొరపాటు ఈ చివరి రెండింటినీ కలపడం. ఆత్మగౌరవం మీద గంట మాట్లాడితే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి కానీ జమ చీటీ నింపడం రాదు.

ఇంకొక జాగ్రత్త. ఒకరినొకరు నమ్మడం గురించి చెప్పేటప్పుడు "విశ్వాసం" అన్న మాట వాడకండి. మన ఊళ్లలో ఆ మాట వినగానే "తిన్న ఇంటికి విశ్వాసంగా ఉండాలి" అన్న అర్థమే ముందు తగులుతుంది. అప్పుడు పాసుబుక్కు చూపించమని అడగడం విశ్వాసం లేని పని అయి కూర్చుంటుంది. "నమ్మకం" అనే అనండి. లెక్క అడగడం నమ్మకానికి అడ్డం కాదని అందరిలో ఒకసారి గట్టిగా చెప్పండి, లీడర్ల నోటితో చెప్పిస్తే మరీ మంచిది.

జవాబు: నల్లగొండ కౌన్సిలర్

పంతులుగారు చెప్పిన "ఏ పనికి" అన్నదే మా మనస్తత్వ శాస్త్రంలోనూ అసలు కిటుకు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఈ సిద్ధాంతం రాశాడు. మనిషికి మొత్తంగా ఒక ఆత్మవిశ్వాసం ఉండదు, పనికొక అంచనా ఉంటుంది. నాలుగెకరాల పత్తిచేను ఒంటిచేత్తో నడిపించే మనిషికి వ్యవసాయంలో కొండంత ఆత్మవిశ్వాసం ఉంటుంది, అది బ్యాంకు గడప దగ్గర ఆగిపోతుంది. అందుకని "ఆత్మవిశ్వాసం పెంచడం" అని పెట్టుకోకండి, "జమ చీటీ నింపి కౌంటర్‌లో ఇవ్వడం", "అప్పు ఇంకా ఎంత ఉందో అడగడం" అని పెట్టుకోండి.

ఈ అంచనా పెరగడానికి బందూరా నాలుగు దారులు చెప్పాడు. తానే చేసి గెలవడం అన్నింటికన్నా బలమైనది. తనలాంటి మనిషి చేస్తుంటే చూడడం దాని తర్వాత. నలుగురు "నీవల్ల అవుతుంది" అనడం బలహీనమైనది, మొదటి ఎదురుదెబ్బకే కరిగిపోతుంది. నాలుగోది ఒంట్లో తెలిసేది: గుండె దడ, చేతి వణుకు. మన శిక్షణలు ఎక్కువగా మూడో దారిలోనే నడుస్తాయి. మీ మూడు గంటల్లో కనీసం గంటన్నర మొదటిదానికి ఇవ్వండి.

ముందు కొలత. చదువు అక్కర్లేదు. ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇవ్వండి (ముప్పై మందికి మూడు వందలు, పోయేవి పోగా నాలుగు వందలు పట్టుకుపోండి). "ఈ పని రేపు నువ్వొక్కదానివే చేయగలవని ఎంత అనిపిస్తుంది? అసలు కాదంటే సున్నా, తప్పకుండా అయితే పది" అని అడగండి. "చేస్తావా" అని అడగొద్దు, "చేయగలవా" అనే అడగాలి. "చేస్తావా" అంటే ఇష్టం, తీరిక, మొగుడి మాట అన్నీ కలిసిపోతాయి. మొదటి ప్రశ్న అన్నం వండడం గురించి పెట్టండి, అందరూ పది చూపిస్తారు, కొలత ఎట్లా పనిచేస్తుందో అర్థమవుతుంది. తర్వాత వరుసగా: పాసుబుక్కులో చివరి నిల్వ ఎంతో చదవడం, జమ చీటీ నింపడం, మేనేజర్‌ను అప్పు లెక్క అడగడం, "రేపు రా" అన్నాక కూడా మళ్లీ అడగడం. కిందికి పోయేకొద్దీ గింజలు తగ్గుతాయి.

ఇక్కడ పని చెడేది ఒక్కచోట. గింజలు నేల మీద పెట్టిస్తే మొదటామె ఎన్ని పెడితే అందరూ దాదాపు అన్నే పెడతారు. లీడర్ ముందు పెడితే ఇంకా ఘోరం. కాబట్టి గింజలు పిడికిట్లో మూసుకొని, మీరు "తెరవండి" అనగానే అందరూ ఒకేసారి చేయి చాపాలి. ఎవరెన్ని పెట్టారో పేరు పెట్టి చదవొద్దు, ఏ పని దగ్గర గింజలు పడిపోయాయో అది మాత్రం బోర్డు మీద వేయండి.

ఒక మనిషి నాలుగు నుంచి ఏడు గింజలు చూపించిన పని దగ్గర సాధన మొదలుపెట్టండి. తొమ్మిది పది ఉన్నచోట నేర్చేది లేదు, ఒకటి రెండు ఉన్నచోట మొదటిసారే ఓడిపోయి ఇంకా ముడుచుకుపోతుంది.

సాధనకు గది మూలన ఒక టేబులు, అటువైపు కుర్చీ, అదే కౌంటర్. బ్యాంకు నుంచి నిజం జమ చీటీలు తెచ్చుకోండి, మనిషికి రెండు చొప్పున అరవై. చదువు రాని వాళ్లతో చీటీ మొత్తం చదివించే పని పెట్టుకోవద్దు. మూడు గళ్లు చాలు: ఖాతా నంబరు, రూపాయలు, సంతకం. నోట్ల మీద, ఫోన్లో, బస్సు మీద అంకెలు గుర్తుపట్టేవాళ్లే ఎక్కువ మంది, కాబట్టి పాసుబుక్కు చూసి ఖాతా నంబరు దింపడం కుదురుతుంది. తప్పు పోయేది అంకెల వరుసలో. నాలుగు నాలుగు అంకెలుగా వేలు పెట్టి దింపమనండి, అయ్యాక పక్కామె చివరి నాలుగు అంకెలు సరిచూడాలి. అక్షరాల్లో మొత్తం రాసే గడి ఒకటి ఉంటుంది, దానికి సాయం అడగడం తప్పు కాదని చెప్పండి, ఆ అడగడం కూడా సాధన చేయించండి.

తర్వాతి మెట్టు తిరస్కారం. కౌంటర్‌లో కూర్చున్న మనిషి తప్పకుండా ఒకసారి చీటీ వెనక్కి తోసి "రేపు రా" అనాలి. బ్యాంకులో వీళ్ల నోరు మూతపడేది అక్కడే, ఫారం దగ్గర కాదు. జవాబుగా ఒక్క వాక్యం నేర్పండి: "సార్, ఏ కాయితం తక్కువుందో చెప్పండి, రేపు అది తెస్త." ఈ వాక్యంలో తగాదా లేదు, వెనక్కి తగ్గడమూ లేదు. ఒక్కొక్కరూ రెండుసార్లు అనేదాకా వదలకండి. ఆ వారంలోనే ఇద్దరిద్దరిని నిజం బ్యాంకుకు పంపాలి. వారం దాటితే గదిలో వచ్చిన గింజలు గదిలోనే పోతాయి.

చూసి నేర్చుకోవడానికి అధికారిని పిలవొద్దు, "ఆయన చదువుకున్నడు, ఆయనకేం" అనుకుంటారు. పక్క ఊరి సంఘం నుంచి, చీటీ రెండుసార్లు తప్పు రాసి మూడోసారి సరిగ్గా రాసిన మనిషిని పిలవండి. మెచ్చుకోలు కూడా పనికి అంటుకొని ఉండాలి. "శభాష్" కన్నా "అంకె ఒక్కటి తప్పుపోలేదు" అన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. గుండె దడ గురించి ముందే చెప్పండి: అది వస్తుంది, చీటీ ఇచ్చే లోపల తగ్గకపోవచ్చు, దడతోనే ఇవ్వొచ్చు.

ఇదంతా తక్కువ అంచనా ఉన్నచోట. ఎక్కువ అంచనా అసలు ప్రమాదం. జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో చేసిన అధ్యయనంలో పరీక్షలో అందరికన్నా కింద ఉన్నవాళ్లే తమ స్థాయిని ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా ఊహించుకున్నారు. మీరూ ఒక చిన్న పరీక్ష పెట్టండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెస్తే ఏడాదికి వడ్డీ ఎంత? చెక్కు రాసిన తేదీ నుంచి ఎన్ని నెలలు చెల్లుతుంది? బ్యాంకు దివాలా తీస్తే డిపాజిట్ మీద బీమా ఎంత వరకు? జామీను (వేరేవాళ్ల అప్పుకు హామీ) సంతకం పెట్టినామె దగ్గర అప్పు వసూలు చేయొచ్చా? జవాబు చెప్పించి, ఆ జవాబు ఖాయమని ఎన్ని గింజలో చూపించమనండి. జవాబులు: 12,000 రూపాయలు (నెలకు వెయ్యి, అంటే ఏడాదికి నూటికి 24), 3 నెలలు, ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షలు, చేయొచ్చు. తప్పు జవాబుకు పది గింజలు పెట్టిన ప్రశ్న ఏదో అదే మీరు ఎక్కువసేపు చెప్పాల్సిన పాఠం. చాలాసార్లు అది జామీను ప్రశ్నే అవుతుంది.

జవాబు: రిటైర్డ్ ఫీల్డ్ ఆఫీసర్, మిర్యాలగూడ

కౌన్సిలర్ మేడం మంచిచోట ఆపిన్రు. జామీను సంగతి నేను చెప్త.

ఒక కాయితం మీద మన సంతకం మూడు రకాలుగా ఉండొచ్చు. అప్పు తీసుకున్న మనిషిగా, జామీనుగా, సాక్షిగా. సాక్షి సంతకం అంటే "ఈమె నా ముందర సంతకం పెట్టింది" అని మాత్రమే, పైసలకు బాధ్యత లేదు. జామీను అట్ల కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నామెకు ఎంత బాధ్యతో జామీనుకు అంతే బాధ్యత. ముందు ఆమెను అడిగి, ఆమె కట్టకపోతేనే నీ దగ్గరికి రావాలనే నియమం లేదు. సక్కగ నీ ఇంటికే రావొచ్చు. "ఉత్తగ సంతకమే అక్కా, నీ మీదికేం రాదు" అన్న మాట చట్టం ముందర చెల్లదు. అందుకని శిక్షణలో ఒక్క ప్రశ్న నోటికి రావాలె: "ఇది సాక్షి సంతకమా, జామీను సంతకమా? నా పేరు మీద ఏం రాసిన్రు, చదువు."

ఖాళీ కాయితం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలె. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ఉన్నది. స్టాంపు అంటించిన ఖాళీ ప్రామిసరీ నోటు (అప్పు పత్రం) మీద సంతకం పెట్టి ఇస్తే, ఆ స్టాంపుకు చెల్లే మొత్తం వరకు నింపుకునే అధికారం పట్టుకున్నోనికి నువ్వే ఇచ్చినట్టు. తర్వాత "నేను ఐదు వేలే తీసుకున్న, యాభై వేలు రాసుకున్నడు" అంటే రుజువు చేసే బరువు నీ నెత్తి మీదనే పడ్తది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అనేది ఇసోంటి దానికే.

ప్రామిసరీ నోటు మీద కోర్టుకు పోయే గడువు, రాసిన తేదీ నుంచి 3 ఏండ్లు. అయితే ఆ మూడేండ్ల లోపల నోటు వెనక "ఇంత ముట్టింది" అని చెల్లు రాసి అప్పు తీసుకున్నామె సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ల మూడేండ్లు మొదలైతది. ఇచ్చిన మనిషికి ఇది ధీమా, తీసుకున్న మనిషికి ఇది తెల్వాలె. అప్పు పూర్తిగా తీరినప్పుడు నోటు వాపస్ తీసుకోవాలె. "ఇంట్ల యాడనో పెట్టిన, దొరికినాక చింపేస్త" అంటే పైసలు ముట్టినట్టు రసీదు రాయించుకోవాలె, నోటు తేదీ అందులో ఉండాలె. ఇది చేస్తే మనుషుల నడుమ చెడ్తది అనుకుంటరు. రాసుకోనందుకే చెడిన సంబంధాలు ఊర్ల ఎన్నో కనబడ్తయి.

ఇగ సంఘం అప్పు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం సంఘానికి 10 లక్షల వరకు అప్పుకు తాకట్టు అడగొద్దు, మార్జిను (సంఘం వాటా పైసలు) అడగొద్దు, పొదుపు ఖాతాను పట్టి ఉంచొద్దు. పట్టా పాసుబుక్కు పెట్టుమన్నా, బంగారం పెట్టుమన్నా "సార్, పది లక్షల లోపలనే కదా" అని అడిగే హక్కు సభ్యురాలికి ఉన్నది. ఈ ఒక్క అంకె తెలిస్తే మేనేజర్ ముందర నోరు లేస్తది. కౌన్సిలర్ మేడం చెప్పిన ఆత్మవిశ్వాసంల సగం ఇట్లాంటి వివరం తెలిసి ఉండుట్లనే ఉంటది.

తాకట్టు లేకుండ బ్యాంకు ఎట్ల ఇస్తది? పంచసూత్రాలు చూసి ఇస్తది: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి కట్టుడు, పుస్తకాలు. నాబార్డు 1992ల సంఘాలను బ్యాంకులకు కలిపే పని మొదలుపెట్టినప్పటి నుంచి బ్యాంకు చూసేది ఆ పుస్తకాలనే. బ్యాంకే మనిషి ముఖం చూసి ఇయ్యనప్పుడు సభ్యురాలు ముఖం చూసి సంతకం పెట్టుడు ఎందుకు? ఇది వాళ్లకు సూటిగా తగుల్తది, చెప్పి చూడండి.

ప్రశ్నించిన శిక్షకురాలు

పంతులుగారికి, మేడంకు, సారుకు దండాలు. ధీమా సంతకం అన్న మాట నాకు బాగా పనికొస్తుంది. ఇంకో రెండు సంగతులు. ఎదుటి మనిషిని ఎంత నమ్మొచ్చో చూసుకోవడానికి కూడా గింజలతో ఏమన్నా చేయించొచ్చా? రెండోది, లీడర్ కిస్తీ పైసలు వసూలు చేసి వారాల తరబడి బ్యాంకులో కట్టకపోవడంతో మనసులు విరిగిన సంఘాలు ఉంటాయి. "ఇగ ఎవర్నీ నమ్మం" అని పొదుపే ఆపేస్తారు. వాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు: సమాఖ్య లెక్కలు, నాగర్‌కర్నూల్

చేయించొచ్చు అక్కా. మూడు గిన్నెలు పెట్టండి. మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు 1995లో సంస్థల్లో నమ్మకం మీద ఒక నమూనా ఇచ్చారు, ఎదుటి మనిషిలో చూడాల్సినవి మూడు అన్నారు. పని చేతనవుతుందా, మన మంచి కోరుతుందా, మాట మీద నిలబడుతుందా. గిన్నెకొకటి. ఒక్కో గిన్నెలో సున్నా నుంచి పది గింజలు.

గదిలో ఉన్న మనిషి గురించి ఎట్టి పరిస్థితిలో చేయించొద్దు. ఆ రోజే కొట్లాట మొదలవుతుంది, మీరు పోయినా ఆగదు. ఊహించిన మనుషులను ఇవ్వండి. ఉదాహరణకు యాదమ్మ: ఇంటర్ చదివింది, లెక్కలు ఠక్కున చేస్తది, ఎవరికి ఆపద వచ్చినా ముందు ఉరుకుతది. జమ చేస్తానని తీసుకున్న పైసలు మాత్రం వారం పది రోజులు ఆలస్యంగా కడ్తది, అడిగితే ఒక్కోసారి ఒక్కో కారణం చెప్తది. ఇంకొకామె ముత్యాలమ్మ: చదువు రాదు, మాట కరుకు, మీటింగుకు చెప్పిన టైముకు వస్తది, ఇచ్చిన పైస చెప్పిన రోజున తెస్తది.

యాదమ్మకు మూడో గిన్నెలో రెండో మూడో పడాలి. కానీ ఎనిమిది తొమ్మిది వేస్తారు, ఎందుకంటే ఆపదలో ఉరికే గుణం మిగతా గిన్నెల్లోకి పొర్లుతుంది. ముత్యాలమ్మకు కరుకు మాట వల్ల రెండో గిన్నెలో గింజలు తగ్గి, ఆ తగ్గుదల మూడోదాంట్లోకీ పాకుతుంది. అప్పుడు ఆపి, "మూడో గిన్నెలో ఇన్ని ఎందుకు వేసినవు? కథలో ఏ ముక్క చూసి వేసినవు?" అని అడగండి. చూపించలేని గింజ తీసేయాలి. ఆ తీసేయడంలోనే నేర్చుకోవడం ఉంది, తొందరపడకండి, ఒక్కో మనిషికి పావుగంట పట్టినా సరే.

తర్వాత అడగండి: పుస్తకాలు ఎవరు రాయాలి, బ్యాంకుకు పైసలు ఎవరు తీసుకుపోవాలి? యాదమ్మ రాయాలి, ముత్యాలమ్మ, ఇంకొక సభ్యురాలు కలిసి తీసుకుపోవాలి. యాదమ్మను పక్కకు తోసేయలేదు, ముత్యాలమ్మను నెత్తిన పెట్టుకోలేదు. ఒకరి మీద ఒక పనికి నమ్మకం, ఇంకొకరి మీద ఇంకో పనికి. పంతులుగారు అన్న "ఏ పనికి" వాళ్ల చేతుల్లో ఇట్లా తేలుతుంది.

ఇక విరిగిన సంఘం. ముందు ఏ గిన్నె ఒలికిందో చూడాలి. లీడర్‌కు చీటీ రాయడం రాక, బ్యాంకుకు పోయే తోడు లేక ఆలస్యమైతే అది చేతగాని తప్పు. నేర్పితే, తోడిస్తే పోతుంది. పైసలు సొంతానికి వాడుకొని తర్వాత కట్టితే అది మాట తప్పడం. దానికి "ఇగ చేయను" అన్న క్షమాపణ చాలదు, ఆ మనిషి చేతిలో నగదు పెట్టడమే ఆపాలి. ఈ రెండింటినీ ఒకే తీర్పుతో కొడితే మొదటామెకు అన్యాయం, రెండోదాంట్లో సంఘానికి నష్టం.

చేయాల్సిన పని ఈ వరుసలో చేస్తే నిలబడుతుంది. బ్యాంకు పాసుబుక్కు ఆ వారమే ప్రింటు వేయించాలి. పాసుబుక్కు, సంఘం అప్పు లెడ్జరు, సభ్యుల వ్యక్తిగత పుస్తకాలు, మూడూ ఒకే చోట పెట్టి నెలవారీగా కలపాలి. సాధారణంగా తేడా కనబడేది ఇక్కడ: సభ్యురాలి పుస్తకంలో కిస్తీ పడి ఉంటుంది, బ్యాంకు పాసుబుక్కులో అదే నెల జమ ఉండదు. ఆ తేడా ఎంత, ఏయే నెలలు అన్నది తీర్మానం పుస్తకంలో రాసి అందరి సంతకాలు తీసుకోవాలి. తిట్లు రాయొద్దు, తేదీ, మొత్తం, ఎప్పటిలోగా కడుతుంది, అంతే. సంతకందారులను మార్చాలనుకుంటే సంఘం తీర్మానం, కొత్త వాళ్ల కేవైసీ కాయితాలు బ్యాంకుకు ఇవ్వాలి. పాత సంతకాలు పెట్టి ఉంచిన ఖాళీ చెక్కులు, విత్‌డ్రాయల్ ఫారాలు ఉంటే మీటింగులో అందరి ముందు చింపేయాలి. ఇది మరిచిపోతారు, తర్వాత దీని వల్లే మళ్లీ దెబ్బ తింటారు.

అక్కడి నుంచి ప్రతి మీటింగులో లీడర్ కాని ఒక సభ్యురాలు పాసుబుక్కులో ముందటి మీటింగు తర్వాత పడిన జమలు, చివరి నిల్వ పైకి చదవాలి. ఆమె పేరు వంతుల వారీగా మారాలి. జమ చీటీ రసీదు ముక్కను (బ్యాంకు ముద్ర వేసి ఇచ్చేది) ఆ రోజు తీర్మానం పేజీకి అంటించాలి. పొదుపు ఆపిన వాళ్లను "పాత లాగానే కట్టండి" అని బలవంతం చేయొద్దు. చిన్న మొత్తంతో మొదలుపెట్టి, నాలుగైదు మీటింగులు రసీదు ముక్క సరిగ్గా అంటుకున్నాక పెంచడం మంచిది. బ్రిటిష్ తత్వవేత్త ఓనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ప్రసంగాలను నమ్మకం మీదే ఇచ్చింది. నమ్మకం ఎక్కువ కావాలని ఆరాటపడడం కాదు, నమ్మదగిన చోట నమ్మి నమ్మరాని చోట ఆగడం కావాలని ఆమె వాదన. విరిగిన సంఘానికి పెట్టుకోవాల్సిన గురి అదే.

జవాబు: పాలమూరు తెలుగు పంతులు

గిన్నెల ఆట బాగుంది. ఒక్క సవరణ. కథలు చెప్పేటప్పుడు రెండూ ఆడవాళ్ల పేర్లే కాకుండా "సంఘబంధం (ఊళ్లోని సంఘాల కూటమి) సారు" లాంటి పెద్దమనిషి పాత్ర ఒకటి పెట్టండి. హోదా ఉన్న మనిషికి మూడు గిన్నెలూ ఆలోచించకుండా నింపేస్తారు. ఆయన గురించి కథలో ఒక్క రుజువూ ఇవ్వకండి, పేరు, కుర్చీ మాత్రం చెప్పండి. గింజలు ఎందుకు వేశారో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ధీమా అంటే ఏమిటో మీరు వివరించే పని తప్పుతుంది.

ప్రశ్నించిన శిక్షకురాలు

తప్పకుండా పెడతాను సార్. ఆఖరుగా ఒకటి. సంతకం రాని వాళ్లు ఊళ్లోనే మిషను మీద వేలిముద్ర వేసి పైసలు తీసుకుంటారు. అక్కడ అడగాల్సినవి ఏమిటి?

జవాబు: రిటైర్డ్ ఫీల్డ్ ఆఫీసర్, మిర్యాలగూడ

వేలిముద్ర కూడ సంతకమే, ఇంకా వేగంగ పనిచేసే సంతకం. వేలు పెట్టే ముందర మిషను తెర మీద ఏమున్నదో అడగాలె: నిల్వ చూసుడా, పైసలు తీసుడా, ఎంత? అంకె తనే చూడాలె. "పడలేదు, మళ్ల పెట్టు" అంటే మళ్ల పెట్టే ముందర మొదటిది ఫెయిల్ అయినట్టు చీటీ అడగాలె. ఈ రెండో వేలు దగ్గర మోసం జరగొచ్చు. పైసలు లెక్కపెట్టుకొని, చీటీ మీద తీసిన మొత్తం, మిగిలిన నిల్వ చూసుకొని కదలాలె. చీటీ రాదు అంటే ఫోనుకు మెసేజ్ వచ్చేదాక ఆగాలె, అందుకే ఖాతాకు సొంత ఫోన్ నంబరే ఉండాలె, లీడర్‌ది కాదు.

ఖాతాల తగ్గి చేతికి రాకపోతే బ్యాంకుల ఫిర్యాదు రాయించాలె. రిజర్వు బ్యాంకు 2019 నియమం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల లోపల తిరిగి జమ కావాలె, దాటితే రోజుకు 100 రూపాయలు అదనంగ రావాలె. మోసం అనిపిస్తే 1930కి (సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు) వెంటనే ఫోన్ చేయాలె, గంట గంటకు పైసలు చేతులు మారిపోతయి. వేలిముద్ర వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు, ఎంఆధార్ యాప్‌ల ఉంటది. లాక్ పెట్టినంక రేషను దగ్గర, పింఛను దగ్గర వేలు పడదు, ముందు తీసి పోవాలె. ఈ సంగతి చెప్పకుండ లాక్ పెట్టిస్తే రేషన్ షాపు కాడ మీ పేరు చెప్పి తిట్టుకుంటరు మేడం, కాబట్టి తీసుడు కూడ అదే రోజు నేర్పండి.